పొట్టి గోడల స్టడీ హాల్: ఏడు నెలలు కూర్చున్నాక రాస్తున్నా

హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల సందుల్లో స్టడీ హాల్ కోసం తిరుగుతున్న అమ్మాయిల కోసం ఇది. ఏసీ ఉందా, వైఫై ఉందా అని అందరూ అడుగుతారు. నేనూ అదే అడిగి ఒకసారి మోసపోయాను. ఇప్పుడైతే ముందు అడిగేది వేరే: సీట్లో కూర్చుంటే నాకు ఎవరు కనిపిస్తారు?

మాది దేవరకొండ వైపు పల్లె. బీఈడీ చేశాను, సోషల్. 2024 డీఎస్సీలో 11,062 టీచర్ పోస్టులు పడ్డప్పుడు మా ఊళ్లో నాకు ఉద్యోగం వచ్చేసినట్టే మాట్లాడుకున్నారు. జూలై 18న మొదలై ఆగస్టు 5 దాకా ఆన్‌లైన్‌లో పరీక్షలు జరిగాయి. నాది కొద్ది మార్కుల్లో పోయింది. డీఎస్సీలో టీచర్ అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి ఆ మార్కులు పెంచుకుందామని బాబును అమ్మ దగ్గర వదిలి ఇక్కడ లేడీస్ హాస్టల్లో చేరాను. వాడికి నాలుగేళ్లు. వాణ్ని వదిలి వచ్చిన మనిషికి ఒక్కో గంట ఎంత విలువో వేరే చెప్పక్కర్లేదు.

మొదట చేరింది ఇంకో హాల్లో. పేరు వద్దు. తల కంటే ఎత్తుగా ప్లైవుడ్ గోడలు, ముందు ఒక కర్టెన్, లోపల ప్లగ్ పాయింట్. "మీ రూమ్‌లో మీరున్నట్టే మేడమ్" అన్నారు. నిజంగానే అట్లా ఉంది, ఇంట్లో ఉన్నట్టే. పొద్దున ఎనిమిదింటికి పోయి రాత్రి ఎనిమిదింటికి వచ్చేదాన్ని, మధ్యలో ఏం చదివానో గుర్తుండేది కాదు. ఒకరోజు నీళ్లకని లేచి వరుస వెంట నడుస్తుంటే కర్టెన్ల సందుల్లోంచి కనబడింది. పది మందిలో ఏడుగురి దగ్గర వాటర్ బాటిల్‌కు ఫోన్ ఆనించి ఉంది, రీల్స్ నడుస్తున్నాయి. తిరిగొచ్చి నా టేబుల్ చూసుకుంటే నా ఫోన్ కూడా బాటిల్‌కే ఆనించి ఉంది. ఊళ్లో ఉన్నప్పుడు నేనెప్పుడూ అట్లా పెట్టుకోలేదు. ఎవరూ చెప్పి నేర్పలేదు, అటూ ఇటూ పోతూ చూసి నేర్చుకున్నదే. ఇచ్చిన అడ్వాన్స్ వదులుకుని ఆ నెలాఖరుకే బయటికొచ్చేశాను.

ఇప్పుడున్న హాల్ లైబ్రరీ వెనక సందులో, జిరాక్స్ షాపు మీద రెండో అంతస్తు. మొత్తం 48 సీట్లు. అమ్మాయిల గదిలో 22. నాన్ ఏసీకి నెలకు 1,400, ఏసీకి 1,900. పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటుంది. చేరిన మొదటి రోజే ఒక తేడా కనిపించింది. సీటుకూ సీటుకూ మధ్య గోడ పొట్టిగా ఉంది. స్కేలు పెట్టి కొలిచాను, టేబుల్ మీద నుంచి 14 అంగుళాలు. తల వంచితే నీ పుస్తకం తప్ప ఇంకేం కనబడదు. తలెత్తితే ఎదుటి వరుసలో వంచిన తలలు, కదిలే పెన్నులు కనబడతాయి. హాల్ నడిపే సార్ కూడా ఏళ్ల తరబడి పరీక్షలు రాసిన మనిషే. "ఎత్తు గోడ కడితే మనిషి నిద్రపోతడమ్మా, నేను పోయిన కదా" అన్నాడు.

టెట్ చదివేవాళ్లకు మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా పేరు కొత్త కాదు. శిశు వికాసం, పెడగాజిలో 30 మార్కులు, అందులో ఆయన మీద ఒక బిట్టు ఎప్పుడూ ఎదురుచూస్తాం. పరిశీలించి నేర్చుకోవడానికి నాలుగు మెట్లు: అవధానం (గమనించడం), ధారణ (గుర్తుంచుకోవడం), పునరుత్పాదన (తిరిగి చేసి చూపడం), ప్రేరణ (చెయ్యాలనిపించడం). 'అ-ధా-పు-ప్రే' అని బట్టీ పట్టాను. కానీ మొదటి మెట్టే అవధానం అని, ఎదుటి మనిషి కంటికి ఆనకపోతే మిగతా మూడింటికీ దారే లేదని నాకు అర్థమైంది ఈ 14 అంగుళాల గోడ వెనక కూర్చున్నాకే.

గది తలుపు పక్కన ఒక స్టీల్ ట్రే ఉంటుంది. ఫోన్లు అందులో పెట్టాలి. నేను చేరిన రెండో వారంలో ఒకమ్మాయి లోపలే ఫోన్ ఎత్తి మాట్లాడింది. సార్ అరవలేదు. దగ్గరికొచ్చి, "పోయి మాట్లాడి రామ్మా, ఇయ్యాల మళ్లా లోపలికి రాకు, రేపు రా" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఆ గదిలో ఫోన్ మోగలేదు. తప్పు చేసింది ఒక్కరు, మానుకున్నది అందరం. నాకు వెంటనే బండూరా 1965లో చేసిన ప్రయోగం గుర్తొచ్చింది. 1961లో స్టాన్‌ఫర్డ్ నర్సరీ పిల్లలు 72 మందితో చేసిన బోబో బొమ్మ ప్రయోగం అందరూ చదువుతారు, పెద్దవాళ్లు గాలి బొమ్మను కొడుతుంటే చూసిన పిల్లలు తామూ అట్లాగే కొట్టారు. 1965 నాటిది అంతకంటే లోతైనది. బొమ్మను కొట్టిన మనిషికి శిక్ష పడినట్టు సినిమాలో చూసిన పిల్లలు తక్కువ అనుకరించారు. చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే వాళ్లూ మిగతా పిల్లలతో సమానంగా చేసి చూపించారు. అంటే నేర్చుకోవడం ముందే అయిపోయింది, బయటికి రాలేదంతే. ఆ ట్రే విషయంలో నాకున్న భయం అదే. సార్ ఊరికి పోయిన రెండు రోజులు ట్రేలో నాలుగే ఫోన్లున్నాయి, నేను లెక్కపెట్టాను. భయం వల్ల వచ్చిన క్రమశిక్షణ మనిషి ఉన్నంతసేపే.

మరి మనిషి లేనప్పుడు కూడా నిలిచేది ఎట్లా వస్తుంది? అది నాకు చూపించింది నా ఎదుటి సీట్లో కూర్చున్న అక్క.

ఆమెది వనపర్తి వైపు, గ్రూప్స్‌కు చదివేది. పాత ప్రశ్నపత్రాన్ని నాలుగు ముక్కలుగా చింపి, ఖాళీగా ఉన్న వెనక వైపు ఒక్కో ముక్కను ఒక్కో పూటకు వాడేది. అందులో నాలుగు గడులు. ఎన్నింటికి కూర్చుంది, ఏం చదవాలనుకుంది, ఏం చదివింది, నాలుగోది ఖాళీ. చదువుతూ చదువుతూ ఉన్నట్టుండి పెన్నుతో ఆ ఖాళీ గడిలో చిన్న నిలువు గీత గీసేది. మళ్లీ తల వంచేది. నాలుగు రోజులు చూశాక టీ దగ్గర అడిగాను.

"అక్కా, ఆ గీతలు ఏంది?"

"మనసు పక్కకు పోయినప్పుడల్లా ఒకటి గీస్త చెల్లె. తిట్టుకోను, గీత గీసి మళ్ల మొదలువెడ్త. గంటకు ఐదు దాటకపోతే చాయ్‌కొస్త. దాటితే చాయ్ లేదు, టెర్రస్ మీద నిలబడి అదే పేజీ మళ్ల చదువుత."

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. పాలిటీకి మధ్యాహ్నం పూట గీతలు ఎక్కువ పడుతున్నాయని చీటీలన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుందట, పాలిటీని పొద్దుటికి మార్చుకుందట. నేను చాయ్ గ్లాసు పట్టుకుని అట్లనే నిలబడ్డాను. స్వీయ పరిశీలన, తనకు తాను పెట్టుకున్న ప్రమాణంతో పోల్చుకుని తీర్పు, దాన్ని బట్టి తనకు తానే ఇచ్చుకునే స్పందన. బండూరా చెప్పిన స్వీయ నియంత్రణ మొత్తం ఆ చింపిన కాగితం మీద ఉంది. ఆమె బీఈడీ చదవలేదు. ఆ పేరు కూడా వినలేదు.

నేను మర్నాడే మొదలుపెట్టాను. మొదటి రోజు మధ్యాహ్నం దాకానే 31 గీతలు. ఏడుపొచ్చింది. అక్క నాలుగింటికి లేస్తుందని నేనూ లేచాను, ఆమెలాగే గంట గంటకు గడి కొట్టాను, అదే రంగు పెన్ను కొన్నాను. మూడో రోజు పుస్తకం మీదే తల పెట్టి నిద్రపోయాను. నాకు రాత్రి పదిన్నర దాకా బాగా సాగుతుంది, తెల్లవారుజామున సాగదు. గంట సేపు ఒక్క బిగిన కూర్చోలేను, ఇరవై ఐదు నిమిషాలు కూర్చోగలను. అవన్నీ మార్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. నా బహుమతి చాయ్ కాదు. రోజు లెక్క సరిగ్గా ఉంటే రాత్రి ఎనిమిదిన్నరకు బాబుతో వీడియో కాల్ ఇరవై నిమిషాలు, లేకపోతే ఐదే నిమిషాలు అని పెట్టుకున్నాను. రెండో వారానికే ఆ పద్ధతి తీసేశాను. నా గీతలకు వాడెందుకు శిక్ష అనుభవించాలి? ఇప్పుడు లెక్క సరిపోతే శనివారం రాత్రి బస్సెక్కి ఊరికి పోతాను. లేకపోతే ఆదివారం పొద్దున పోతాను. పోవడం మాత్రం ఖాయం. నాలుగు నెలలు తిరిగేసరికి రోజంతటికీ పది, పన్నెండు గీతలకు వచ్చాను.

టెర్రస్ గురించి విడిగా చెప్పాలి. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా అక్కడ పైకి చదువుకోవచ్చు. అక్క చదివే గ్రూప్-4 సెక్రటేరియల్ ఎబిలిటీస్ పేపర్లో లెక్కలుంటాయి, నాకు పదో తరగతి నుంచీ లెక్కలంటే వణుకు. అక్కకు కూడా పెద్దగా రావు, కానీ పైకి మాట్లాడుతూ చేసేది. ఒకరోజు పైపుల లెక్క. ఒక పైపు ఆరు గంటల్లో ట్యాంకు నింపుతుంది, ఇంకోటి తొమ్మిది గంటల్లో ఖాళీ చేస్తుంది, రెండూ తెరిస్తే ఎన్ని గంటల్లో నిండుతుంది? అక్క రెండూ కూడింది. "ఒకటి బై ఆరు, ఒకటి బై తొమ్మిది, ఐదు బై పద్దెనిమిది. మూడు గంటల చిల్లర." రాసి ఆగింది. "ఆగు ఆగు. ఒక్క పైపుకే ఆరు గంటలు పడితే, ఇంకోటి ఖాళీ చేస్తుంటే మూడు గంటల్ల ఎట్ల నిండుతది? తీసెయ్యాలె." కొట్టేసి మళ్లీ చేసింది. పద్దెనిమిది గంటలు.

యూట్యూబ్‌లో అదే లెక్కను పది సెకన్లలో చేసే సార్లను ఎంతమందిని చూశానో. చూసిన ప్రతిసారీ నా వల్ల కాదనే అనిపించింది. అక్క తప్పు చేసి, తప్పని తనకు తానే పసిగట్టి దిద్దుకున్నప్పుడు మొదటిసారి నా వల్ల అవుతుందనిపించింది. ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 1987లో విద్యా మనస్తత్వవేత్త డేల్ షంక్, ఆయన సహచరులు లెక్కల్లో వెనకబడిన పిల్లలకు తోటి పిల్లలు లెక్కలు చేస్తుంటే చూపించారు. తడబడి దారిలోకి వచ్చిన ఒక్క పిల్లవాణ్ని చూసినవాళ్లకు, మొదటి నుంచీ తడబడకుండా చేసిన ఒక్క పిల్లవాణ్ని చూసినవాళ్లకంటే ఎక్కువ నమ్మకం, ఎక్కువ నేర్పు వచ్చాయి. బీఈడీలో మా సైకాలజీ మేడమ్ చెప్పినప్పుడు పరీక్షలో రాసుకోవడానికి నోట్ చేసుకున్నాను. రేపు క్లాస్‌రూమ్‌లోకి పోతే బోర్డు మీద ఒక లెక్క తప్పు పోయి, పిల్లల ముందే దిద్దుకోవడానికి నేను సిగ్గుపడను.

లోపాలు కూడా ఉన్నాయి. 22 మంది అమ్మాయిలకు ఒకటే వాష్‌రూమ్, పొద్దున ఎనిమిదింటికి లైన్. వాటర్ క్యాన్ మూడింటికల్లా అయిపోతుంది, అడిగితే గానీ కొత్తది రాదు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లే తిరుగుతాయి, ఏసీకి కట్టిన ఐదొందలు ఎండాకాలంలో కొన్ని పూటలు దండగ.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది మెట్ల దగ్గరి బోర్డు. ఆదివారం మాక్ టెస్ట్ అయ్యాక మొదటి ర్యాంకు నుంచి చివరి ర్యాంకు దాకా అందరి పేర్లూ అతికిస్తారు. పైన ఉన్నవాళ్లను చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారని సార్ నమ్మకం. ర్యాంకు చూస్తే ఆ మార్కులు ఎట్లా వచ్చాయో ఎవరికి తెలుస్తుంది? వరసగా మూడు వారాలు అడుగున పేరు చూసుకున్న ఒక చెల్లె చెప్పకుండా ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఆ పేర్లు తీసెయ్యమని సార్‌ను రెండుసార్లు అడిగాను, మళ్లీ అడుగుతాను. పేర్ల బదులు అక్క చీటీ లాంటిది నాలుగు అతికించినా పదిమందికి పనికొస్తుంది.

అక్క పోయిన నెల ఊరికి వెళ్లిపోయింది, వాళ్ల నాన్నకు ఒంట్లో బాగాలేక. ఆ సీటు ఇంకా ఖాళీగానే ఉంది. నేను మాత్రం ఇంకో మూడు నెలలకు డబ్బులు కట్టాను.

చేరాలనుకుంటే ఒక రోజు ఊరికే కూర్చోనిస్తారు, అడగండి. పొద్దున పోవద్దు, పొద్దున ఎక్కడైనా అందరూ చదువుతారు. భోజనం అయ్యాక మూడింటికి పోయి, తలెత్తినప్పుడు ఎదురుగా ఏం కనబడుతుందో చూడండి. సీటు రెండో వరుసలో అడగండి. కిటికీ పక్కది ఇస్తే తీసుకోవద్దు, నాలుగింటికి ఎండ నేరుగా పేజీ మీద పడుతుంది.