అంచు కోయించుకోమన్నారంటే అది టఫెన్డ్ అద్దం కాదు: పాత కార్ల వారికి హెచ్చరిక

పాత కారుకు తలుపు అద్దాలు వెతుకుతున్నవారు డబ్బు పంపేముందు దయచేసి ఇది చదవండి. టఫెన్డ్ (వేడిచేసి బలపరిచిన, పగిలితే చిన్న పలుకులయ్యే) అద్దాలని చెప్పి నాకు అమ్మినవి ఇళ్ల కిటికీలకు వేసే మామూలు అద్దాలు. కొలత సరిపోయి ఉంటే వాటినే బిగించేవాడిని, మా పిల్లలు వాటి పక్కనే కూర్చునేవారు.

మా నాన్నగారి కారు స్టాండర్డ్ హెరాల్డ్, నాలుగు తలుపుల మోడల్. హెరాల్డ్ బ్రిటన్‌లో ట్రయంఫ్ పేరుతో వచ్చిన కారే అయినా అక్కడ నాలుగు తలుపులతో రాలేదు. ఆ రూపం మద్రాసులోని స్టాండర్డ్ కర్మాగారం మన దేశం కోసం చేసింది. అందుకే దాని వెనక తలుపు అద్దం విదేశాల నుంచి తెప్పించుకుందామన్నా దొరకదు, చేయించుకోవలసిందే. ఇలాంటి అవసరమే మనల్ని మోసగాళ్ల చేతికి చిక్కిస్తుంది.

వేరే రాష్ట్రంలో పాత కార్ల అద్దాలు చేసి పంపే ఒకరి గురించి విని ఫోను చేశాను. పాత అద్దాలను అట్ట మీద పెట్టి గీసిన నమూనాలు పంపాను. నాలుగింటికి 22,000 రూపాయలు అడిగితే మొత్తం ముందే చెల్లించాను. అది చేయకూడని పని. ఆరు వారాలకు పెట్టె వచ్చింది. ప్రతి అద్దం మూలనా ఐఎస్ఐ గుర్తు కూడా ఉంది. ముందు తలుపులవి సరిపోయాయి. వెనకవి రెండూ దాదాపు 4 మిల్లీమీటర్లు ఎక్కువై ఛానెల్‌లోకి, అంటే తలుపులో అద్దం పైకీ కిందికీ జారే గాడిలోకి, దిగలేదు. ఫోను చేస్తే, "మీ ఊళ్లో అద్దాలు కోసేవాళ్ల దగ్గర అంచు కోయించుకోండి సార్, ఐదు నిమిషాల పని" అన్నారు.

అప్పుడే నాకు అనుమానం వచ్చింది. టఫెన్డ్ అద్దాన్ని ముందు కొలతకు కోసి, అంచులు నునుపు చేసి, రంధ్రాలుంటే అవీ వేసి, ఆ తర్వాతే కొలిమిలో 600 డిగ్రీలు దాటే వరకు వేడిచేస్తారు. బయటికి తీయగానే బలమైన గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడి, లోపలి భాగం తర్వాత కుంచించుకుపోవడంతో అద్దమంతా బిగువు మీద ఉంటుంది. దానికి ఆ బలం అందువల్లే వస్తుంది. పగిలితే పొడవాటి పెంకులు కాకుండా చిన్న చిన్న పలుకులై రాలేదీ అందువల్లే. ఆ బిగువును ఒక్క చోట తెంచినా అద్దం మొత్తం రాలిపోతుంది. అంటే ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కోయడం కుదరదు.

అయినా తేల్చుకోవాలని ఒక అద్దాన్ని మా పేటలో ఏళ్లుగా అద్దాలు కోస్తున్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముఖానికి గుడ్డ కట్టుకుని, నన్ను దూరంగా నిలబడమని, డైమండ్‌తో గీత పెట్టి పటకారుతో వంచారు. సన్నని పట్టీ శుభ్రంగా ఊడివచ్చింది. "బాబూ, ఇది టఫెనే అయితే ఈపాటికి నా బల్ల మీద పటికబెల్లం ముక్కలు పోసినట్టు ఉండేది" అన్నారాయన. నాకు కాళ్లలో వణుకు పుట్టింది.

మిగిలిన మూడింటినీ పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని ఆకాశం వెలుగులో పక్కవాటుగా చూశాను. టఫెన్ చేసిన అద్దంలో అలా చూస్తే సాధారణంగా నీడల్లాంటి మచ్చలో చారలో కనిపిస్తాయి. మా పక్కింటి కారు వెనక అద్దంలో అవి స్పష్టంగా ఉన్నాయి, వీటిలో ఒక్కటీ లేదు. ఇక ఐఎస్ఐ గుర్తు దగ్గర ఉండాల్సిన సీఎం/ఎల్ లైసెన్సు సంఖ్యే లేదు. ఆ సంఖ్య ఉంటే, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థదైన బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అది ఎవరిదో చూసుకోవచ్చు. పెట్టె విప్పిన రోజే నేను ఆ పని చేయవలసింది.

వాహనాల కిటికీలకు కూడా సేఫ్టీ గ్లాసు (పగిలినా గాయపరిచే పెంకులు కాని అద్దం) లేదా సేఫ్టీ గ్లేజింగ్ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన చెబుతోంది. అదే మాట విక్రేతతో అన్నాను. "ఆర్డరు మీద చేసినవి వాపసు తీసుకోం" అన్నారు, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశారు. బిల్లు మీద "కారు అద్దాలు, 4" అని మాత్రమే ఉంది. టఫెన్డ్ అని వారు పంపిన ఒకే ఒక్క సందేశం నా ఫోనులో మిగలడం వల్ల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయగలిగాను. మీరు మాత్రం బిల్లులోనే ఆ మాట, అద్దం మందం రాయించుకోండి. రాయనంటే అక్కడ కొనకండి.

మా అద్దాలు బల్లపరుపువి కాబట్టి, ఇప్పుడు ఊరి బయట దుకాణాల తలుపులకు టఫెన్డ్ అద్దాలు చేసే ఒక కర్మాగారంలో అడిగాను. ప్లైవుడ్ నమూనా తెస్తే చేస్తామన్నారు. ఈసారి నమూనాలను ముందు ఛానెల్‌లో దించి, పైకీ కిందికీ ఆడించి చూశాకే ఇస్తాను. కోసినదీ కోయనివీ కలిపి ఆ నాలుగు అద్దాలనూ గుడ్డలు చుట్టి అటక మీద పెట్టాను. కొంటామని ఇద్దరు అడిగారు, ఇవ్వనన్నాను. ఫిర్యాదు తేలాక పగలగొట్టించేస్తాను.