కమాండ్ లైన్‌లో 7-జిప్: ‘ఇ’కీ ‘ఎక్స్’కీ ఉన్న తేడా

ఇగోర్ పావ్లోవ్ 1999లో విడుదల చేసిన, ఫైళ్లను కుదించి ఒకే కట్టగా (ఆర్కైవ్) కట్టే 7-జిప్‌ను విండోస్‌లో మౌస్‌తో వాడినవాళ్లు చాలామందే ఉంటారు. ఆదేశాలు టైపు చేసే ఉబుంటు లినక్స్ టెర్మినల్‌లో దానిని తరచుగా వాడే నాకు మాత్రం దాని అసలు సత్తా కమాండ్ లైన్‌లోనే కనిపించింది. లినక్స్‌వారికి చాలాకాలం పి7జిప్ అనే వేరే రూపమే ఆధారం, 2021లో 21.01 వెర్షన్ నుంచి పావ్లోవే లినక్స్ ప్రతిని కూడా అందిస్తున్నారు.

ఇన్‌స్టాల్ చేయడం సులువే. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ 7జిప్’ అంటే సరిపోతుంది. పాత ఉబుంటులలో ప్యాకేజీ పేరు పి7జిప్-ఫుల్. పావ్లోవ్ సైటు నుంచి నేరుగా దించుకున్న ప్రతిలో మాత్రం ఆదేశం పేరు (7జెడ్) చివర జెడ్ రెండుసార్లు వస్తుంది.

వాడకంలో, ఆదేశం పేరు తర్వాత ఇచ్చే ‘ఎ’ అక్షరం కట్ట కడుతుంది, ‘ఎల్’ లోపలి జాబితా చూపుతుంది, ‘టి’ కట్ట చెడిపోలేదని సరిచూస్తుంది. విప్పే అక్షరాలు రెండున్నాయి. మెలిక అంతా అక్కడే ఉంది. ‘ఎక్స్’ ఫోల్డర్ల అమరికను ఉన్నదున్నట్టు నిలుపుతుంది. ‘ఇ’ మాత్రం ఫోల్డర్లను పక్కనపెట్టి ఫైళ్లన్నిటినీ ఒకేచోట కుమ్మరిస్తుంది. పన్నెండు ఫోల్డర్లలోనూ ఒకే పేర్లతో ఉన్న స్కాన్ పేజీలను ఒకసారి ‘ఇ’తో విప్పి, పాతదాని మీద రాయమంటారా అని అది అడిగితే, చదవకుండానే ‘ఎల్లప్పుడూ’ అని జవాబిచ్చాను. చివరికి ఒక్క ఫోల్డరుకు సరిపడా పేజీలే మిగిలాయి. అది అడిగే చేసింది కాబట్టి తప్పు నాదే. మూల కట్ట భద్రంగా ఉండటంతో నష్టమేమీ జరగలేదు. అలాగే, ఎక్కడ విప్పాలో చెప్పే ‘-ఓ’కీ ఫోల్డరు పేరుకీ మధ్య ఖాళీ వదలకూడదన్న నియమం కొత్తవారిని తప్పక తికమక పెడుతుంది.

కుదింపు విషయంలో 7-జిప్ వాడే ఎల్‌జెడ్‌ఎంఏ పద్ధతికి ఉన్న పేరు న్యాయమైనదే. లాగ్ ఫైళ్లు, అక్షర పాఠాలు బాగా చిక్కిపోతాయి; ఇదివరకే కుదించి ఉన్న జేపెగ్ చిత్రాల మీద ‘-ఎంఎక్స్=9’ (గరిష్ఠ కుదింపు) పెట్టి ఎంతసేపు కూర్చున్నా దక్కేది స్వల్పమే. తెలుగు ఫైలు పేర్లను 7జెడ్ ఫార్మాట్ యూనికోడ్‌లోనే దాచుకుంటుంది కనుక, కొన్ని పాత జిప్ కట్టల్లో పేర్లు పిచ్చి గుర్తులుగా మారే బాధ ఇక్కడ నాకు ఎదురుకాలేదు.

సంకేతపదం పెడితే ఏఈఎస్-256 గుప్తీకరణ రక్షణ లభిస్తుంది, కానీ ‘-ఎంహెచ్ఇ=ఆన్’ చేర్చకపోతే లోపలి ఫైళ్ల పేర్లు ఎవరికైనా కనిపిస్తాయి. ‘-పి’ పక్కనే సంకేతపదం టైపు చేస్తే అది షెల్ చరిత్రలో (టైపు చేసిన ఆదేశాల జాబితాలో) మిగిలిపోతుంది కాబట్టి, ‘-పి’ ఒక్కటే ఇచ్చి, అది అడిగినప్పుడు చెప్పడం మేలు.

లినక్స్ బ్యాకప్‌కు మాత్రం దీనిని ఒంటరిగా నమ్మను. ఫైలు యజమాని ఎవరో, ఏ గుంపుకు చెందినదో 7జెడ్ ఫార్మాట్ గుర్తుపెట్టుకోదని పి7జిప్ మాన్యువల్‌లోనే హెచ్చరిక ఉంది. అందుకే ఆ పనికి ముందుగా, ఆ వివరాలను నిలిపే టార్‌తో మూట కట్టి, ఆ మూటను దీనికి అప్పగిస్తున్నాను.