రెండేళ్లుగా ఎంబ్రాయిడరీ హిస్టరీ క్లాసులు వింటున్నా, నా రివ్యూ

మాది కావలి. మగ్గం వర్క్ షాపు పెట్టి పదకొండేళ్లయింది. ఇంగ్లండ్ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టే ఎంబ్రాయిడరీ హిస్టరీ క్లాసులకి రెండేళ్ల నుంచి డబ్బులు కట్టి కూర్చుంటున్నా, ఇప్పటికి తొమ్మిది అయినయ్. ఒక్కో సబ్జెక్టుకి ఒక రోజంతా, మ్యూజియంలో పాతబట్టల మీద పనిచేసినోళ్లే చెప్తారు. కుట్టు మాత్రం నేర్పరు, కొత్త బ్లౌజ్ డిజైన్లు దొరుకుతాయనుకుంటే డబ్బులు దండగ.

నాకు బాగా పట్టింది ఓపస్ ఆంగ్లికానమ్ రోజు. 13, 14 శతాబ్దాల్లో ఇంగ్లండ్‌లో చర్చి ఫాదర్ల బట్టల మీద చేసిన పట్టు, బంగారు జరీ పని అది. మనం జరీ పరిచి పైన సన్నదారంతో టాకాలేస్తాం గదా, వాళ్లు నార దారాన్ని కిందనుంచి తెచ్చి జరీ మీదుగా తిప్పి మళ్లీ అదే రంధ్రంలోకి దించి లాగుతారు, జరీ పిసరంత మడతపడి గుడ్డ కిందకి దిగిపోద్ది. టాకా పైకి కనపడదు, ఆ మడత దగ్గర గుడ్డ తలుపు బందులాగా వంగుద్ది, అందుకే అంత బంగారం ఉన్నా బిర్రుగా నిలబడదు. ఆ రాత్రే గాడాగుడ్డ మీద ట్రై చేశా, గంటకి బొటనవేలంత కూడా రాలా, దారం నాలుగుసార్లు తెగింది. లండన్ వి అండ్ ఎ మ్యూజియంలో ఉండే సయాన్ కోప్ (1310–20) గురించి కూడా చెప్పారు, కోప్ అంటే చర్చి ఫాదర్లు పైన కప్పుకునే వస్త్రం. ఆ పనిలో మనిషి బుగ్గ మీద కుట్టు గుండ్రంగా చుట్టుకుంటా పోద్ది, ఆ చుట్టు వల్లే బుగ్గ ఉబ్బినట్టు ఉంటది.

టాపెస్ట్రీ అంటే నేసిన బొమ్మల గుడ్డ. కానీ బేయో టాపెస్ట్రీ అని పేరేగానీ అది నేత కాదంట, నార గుడ్డ మీద ఉన్నిదారంతో కుట్టిందే, దాదాపు 70 మీటర్లు!

గుజరాత్ మోచీల క్లాసప్పుడు మా షాపులో పిల్ల పక్కనే పూసలు ఎక్కిస్తా ఉంది. చెప్పులు కుట్టే ఆరీతోనే వాళ్లు పట్టు మీద గొలుసుకుట్టు వేశారని, ఆ పని ఓడలెక్కి యూరప్ పోయిందని చెప్తుంటే, “అక్కా, ఇది మన ఆరీ సూదే గదా” అంది. మరి రోజూ మా చేతిలో ఉండేదే. ఫ్రాన్స్‌లో ఇట్టాంటి పనికి టాంబూర్ అని పేరు, గుండ్రటి ఫ్రేమ్ డోలులాగా ఉంటది కాబట్టి.

ఇబ్బందులూ ఉన్నాయ్. ఆడ పొద్దున పదింటికంటే చలికాలం మనకి మధ్యాహ్నం మూడున్నర, అయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటుద్ది, పెళ్లిళ్ల సీజన్లో సచ్చామే. రికార్డింగ్ వారం రోజులే ఉంచుతారు, ఒకసారి కరెంటు పోయి సగం మిస్సయి అడిగితే జవాబు కూడా రాలా. ఇంగ్లీషు మొదటి రెండు క్లాసులు తలకెక్కదు, తర్వాత కుట్ల పేర్లు పట్టుకుంటే చాలు.

వచ్చే నెల జర్దోసీ మీద ఉంది, ఫీజు కట్టేశా. మా ఆయనకి కనపడకుండా పూసల ఖర్చులో రాశా.