తాళం గొళ్ళేనికి, దొంగ చెయ్యి బందుకి: పాత మినీ ట్రక్కు వెనక డోరుతో నా పన్నెండేళ్ళు

నాది 2009 మోడల్ మినీ ట్రక్కు. కంపెనీ పేరు రాయను. విజయవాడ, గుంటూరు మధ్య రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడితే అలాంటివి చాలానే కనిపిస్తాయి. 2012లో సెకండ్ హ్యాండులో కొన్నాను. మిర్చి సీజనులో గుంటూరు యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు టిక్కీలు (మిర్చి బస్తాలు), మిగతా రోజుల్లో విజయవాడ ఆటోనగర్ నుంచి ఇనప సామాను తోలేవాణ్ణి. ఇంజన్ గురించీ మైలేజీ గురించీ చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను బండి వెనక కిందికి తెరుచుకునే డోరు గురించే చెప్తాను. ఈ బండి నాకు తెప్పించిన కోపంలో సగం దానిదే. ఒకసారి ఏకంగా డోరే పోయింది.

బండితో వచ్చిన గొళ్ళెం సాదాది. పక్క బాడీకి ఇటొకటి అటొకటి లివర్లు ఉంటాయి, వాటి చివర కొక్కెం. డోరు మూయగానే దాని చివరనున్న పిన్నును ఆ కొక్కెం పైనుంచి కరుచుకుంటుంది. లివరు ఎత్తితే వదిలేస్తుంది. కొత్తలో టక్కుమని పడేది. మూడో సీజనుకి ఎడమ వైపుది పడటం మానేసింది. సుత్తితో ఒక దెబ్బ, భుజంతో ఒక తోపు, అప్పటికి పడేది. గతుకుల రోడ్డు మీద డోరు గలగలలాడుతుంటే ఎక్కడ ఊడి వెనకాల బండి మీద పడుతుందో అని ఒకటే టెన్షన్.

గొళ్ళెం అరిగిందనుకొని ఆటోనగర్‌లో కొత్తది వేయించాను. నెలకే మళ్ళీ అదే కథ. అప్పుడు వెల్డింగ్ బాబాయ్ డోరు అంచున ఒక దారం లాగి చూపించాడు. "గొళ్ళేనికేం రోగం రా అబ్బాయ్, నీ డోరు నడుం వంగిపోయింది" అన్నాడు. నిజమే, మధ్యలో వేలు దూరేంత సందు. లోడు ఎక్కించేటప్పుడు డోరును సగం దించి గొలుసుల మీద పలకలా అడ్డంగా ఆపుతాం కదా, ముఠావాళ్ళు (హమాలీలు) నలభై నలభై అయిదు కిలోల టిక్కీని వీపున వేసుకొని దాని మీదే నడుస్తారు. ఆ బరువంతా రెండు గొలుసులు, కింద డోరును బాడీకి కలిపే మూడు బందులు (కీళ్ళు) మోయాలి. మధ్యలో ఆధారం లేదు. రేకు మధ్యలో కిందికి దిగితే రెండు చివర్లూ లోపలికి వస్తాయి, పిన్ను కొక్కేనికి అందదు. పాత బండి గొళ్ళెం పడటం లేదంటే గొళ్ళెం కొనకముందు ఒక దారం లాగి చూసుకోండి. నా 700 రూపాయలు ఊరికే పోయాయి.

డోరు సాపు చేయించి, లోపలి వైపు ఒక సి ఛానల్ (సి ఆకారపు ఇనప పట్టీ) అడ్డంగా వేయించాను. లోడింగప్పుడు గొలుసులు తీసేసి డోరును పూర్తిగా కిందికి వేలాడదీసి, చెక్క పలక వేసుకోమన్నాను. ముఠా మేస్త్రి "మీ డోరుకి ఇంత సేవ ఏందండీ" అని నవ్వాడు గానీ చేశాడు. ఆ తర్వాత గొళ్ళెం పేచీ పెట్టలేదు.

ఇక దొంగతనం. 2017 వానాకాలం. బందరు కాలువ గట్టున బండి పెట్టి ఇంటికెళ్ళి పడుకున్నాను. రెండు గొళ్ళేలకూ తాళం కప్పలు వేసే వెళ్ళాను. తెల్లారి వచ్చి చూస్తే కప్పలు వేసినవి వేసినట్టే ఉన్నాయి, డోరు లేదు. కాసేపు ఏమీ అర్థం కాలేదు. వంగి కింద చూస్తే తెలిసింది. మూడు బందుల్లోంచీ పిన్నులు లాగేశారు. ఆ పిన్నుల్ని పట్టి ఉంచేది ఒక స్ప్లిట్ పిన్ను, అంతే. కటింగ్ ప్లేరుతో దాని కాళ్ళు తిన్నగా చేసి లాగితే వచ్చేస్తుంది. కింద బందులు ఊడాక డోరును కిందికి లాగితే పై పిన్నులు కొక్కేల్లోంచి జారిపోతాయి. గొలుసులకు నోరు తెరిచి ఉండే ఎస్ కొక్కేలే కాబట్టి వాటిని చేత్తోనే తప్పించొచ్చు. మేమంతా తాళాలు పైన వేసుకుంటూ కూర్చున్నాం, వాడు కింద నుంచి పట్టుకెళ్ళాడు.

స్టేషన్‌లో కంప్లైంటు ఇస్తే డోరు మీద గుర్తేమైనా ఉందా అని అడిగారు. బండి నంబరు పెయింటుతో రాయించానన్నాను. పెయింటు ఎంతసేపు ఉంటుంది, థిన్నరు గుడ్డతో తుడిస్తే పోతుంది. నాలుగు రోజుల తర్వాత పాత సామాన్ల కొట్టులో ఒక డోరు చూశాను. కొత్తగా వేసిన నీలం రంగు ఇంకా చేతికి అంటుతోంది. లోపల సి ఛానల్ ఉంది. నాదేనని గుండె చెప్తోంది. అలాంటి ఛానల్ సగం బండ్లకు ఉంటుందన్నాడు కొట్టాయన. అదీ అబద్ధం కాదు. ఏం మాట్లాడను? వేరే కొట్టులో ఇంకో డోరు 4,500కి కొనుక్కున్నాను. ఆ నీలం డోరు కొనడానికి మనసు ఒప్పుకోలేదు. నా ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ మాత్రమే కాబట్టి అటు నుంచి రూపాయి రాదు. పైగా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర పడుతోంది. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి అది ఏటా చేయించాల్సిందే, డోరు లేకుండా తీసుకెళ్ళలేం.

కొత్త డోరుకు ఏం చేయాలో అని వీడియోలు చూశాను. అమెరికాలో ఇది పెద్ద గోలేనట. అక్కడి పాత పికప్పుల్లో చాలావాటికి పిడికి తాళమే ఉండదు. డోరు సగం దించి, పక్క కేబుళ్ళు తప్పించి, ఒక వైపు పైకి లేపితే బందు గాడిలోంచి వచ్చేస్తుంది. పనిముట్టు కూడా అక్కర్లేదు. వాళ్ళు ఆ గాడి చుట్టూ రేడియేటర్ పైపుకి వేసే హోస్ క్లిప్పు ఒకటి బిగిస్తారు, డోరు పైకి లేవకుండా. ఉపాయం బాగుంది గానీ మన బండి బందు వేరు. నేను పెట్టి చూశాను, రెండు వారాలకు జారి ఎక్కడో పడిపోయింది.

పిన్నులకు వెల్డింగ్ టాకాలు వేసేయమని కొందరన్నారు. దొంగకు కష్టమే, కానీ డోరు మళ్ళీ వంగిన రోజున గ్యాస్ కటింగ్ పెట్టాల్సింది మనమే. నేను చేయించింది ఇది: పిన్నుల స్థానంలో గట్టి బోల్టులు, చివర నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి తేలిగ్గా వదులవనివి), నట్టు దాటి వచ్చిన మరల మీద సుత్తితో నాలుగు దెబ్బలు. విప్పాలంటే గ్రైండరు కావాలి, అర్ధరాత్రి గ్రైండరు చప్పుడుకి గట్టంతా లేస్తుంది. బోల్టు మరీ బిగిస్తే డోరు దిగదు, కాస్త వదులు ఉంచి గ్రీజు పెట్టాలి. మిర్చి దుమ్ము గ్రీజుతో కలిసి అంబలిలా తయారవుతుంది, సీజను అయ్యాక కిరోసిన్‌తో కడిగి మళ్ళీ పెట్టాలి. అది తప్ప వేరే సేవ లేదు.

దాంతోపాటు బండి నంబరును ఇనప పంచ్‌లతో డోరు లోపలి మడతలో, ఛానల్ మీద, బందు పక్కన కొట్టించాను. బాబాయ్ దానికి డబ్బులు తీసుకోలేదు, టీ ఇప్పించమన్నాడంతే. పెయింటు ఎన్నిసార్లు వేసినా ఆ అంకెలు వేలికి తగులుతాయి.

తాళం కప్పలు ఇప్పటికీ వేస్తున్నాను. లోపలి సరుకుకి అవి పనికొస్తాయి. డోరుకి కాదు.

పోయిన చలికాలంలో మళ్ళీ ఎవరో చెయ్యి వేశారు. పొద్దున చూస్తే మధ్య బోల్టు తల మీద స్పానరు జారిన గీతలు మెరుస్తున్నాయి. డోరు అలాగే ఉంది. గొలుసులు మాత్రం రెండూ లేవు. వాటి ఎస్ కొక్కేల నోళ్ళు నొక్కించి మూయించడం మర్చిపోయాను.