మైసూరు జూకి మంగళవారం సెలవు, ప్యాకేజీవాళ్లు చెప్పరు

మైసూరు జూ ప్రతి మంగళవారం మూసి ఉంటుంది. ఆ ఊళ్లో ఆటోవాళ్ల నుంచి కొబ్బరిబోండాలు అమ్మేవాళ్ల దాకా అందరికీ తెలిసిన సంగతే. మేం దిగిన లాడ్జి కౌంటర్లో మనిషి మాత్రం తనకు తెలియదని బుకాయించాడు. సోమవారం సాయంత్రం మాకు 3,200 రూపాయలకు 'ఫుల్ డే' కారు ప్యాకేజీ అంటగట్టింది అతనే. డబ్బు మొత్తం ముందే తీసుకున్నాడు, రసీదు మీద చూపించే చోట్లన్నీ వరసగా రాసిచ్చాడు. అందులో మొదటి పేరు జూ. తెల్లారి తొమ్మిదింటికి కారు మమ్మల్ని మూసిన గేటు ముందు దింపింది.

మా చిన్నోడికి ఎనిమిదేళ్లు. కర్నూలులో రైలెక్కినప్పటి నుంచి గొరిల్లా తప్ప వేరే మాట లేదు వాడికి. ఆ గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు, ఏడవలేదు, మాట్లాడలేదు. నాకు ఒళ్లు మండింది ఆ మౌనం చూసే. డ్రైవర్ని అడిగితే "నాకు వాళ్లు చెప్పిన రూటే మేడం" అన్నాడు. పాపం అతని తప్పు కాదు. కానీ జూ బదులు అతను తీసుకెళ్లింది ఎక్కడికంటే, ఊరి చివర పట్టుచీరలు, గంధం నూనె అమ్మే ఒక షోరూముకి. 'అడగని చోటికి ఎందుకు తెచ్చావయ్యా' అంటే మాట దాటేశాడు. అక్కడ ముప్పావు గంట పోయింది. బయటపడాలంటే ఏదో ఒకటి కొనాల్సిందేనన్నట్టు సేల్స్‌మన్ వెంటపడితే, మా అత్తమ్మ 350 పెట్టి అగరబత్తులు కొంది. దాని తర్వాత చాముండి కొండ, సాయంత్రం బృందావన్ గార్డెన్స్, రెండూ బాగానే జరిగిపోయాయి.

రాత్రి లాడ్జికి వచ్చాక అసలు గొడవ. మా అత్తమ్మ పుట్టిల్లు ఆదోని, ఆమెకు కన్నడం తెలుగంత సులువుగా వస్తుంది. మా ఆయన హిందీలో, ఇంగ్లీషులో పది నిమిషాలు వాదించినా కదలని ఆ మనిషి, "మంగళవార రజా అంత నిమగె గొత్తిల్వా? దుడ్డు వాపస్ కొడి" (మంగళవారం సెలవని మీకు తెలీదా? డబ్బు వెనక్కివ్వండి) అని ఆమె ఒక్కసారి గొంతెత్తగానే లేచి నిలబడ్డాడు. చివరికి 500 వెనక్కిచ్చాడు. మాకు రావాల్సింది అంతకంటే ఎక్కువే, కానీ హాల్లో దిగినవాళ్లంతా చూస్తున్నారు, చిన్నోడు నిద్రతో తూగుతున్నాడు. అక్కడితో వదిలేశాం.

ఆ లాడ్జి గురించి ఇంకో రెండు మాటలు. ఆన్‌లైన్లో రాత్రికి 1,450 చూపించారు. దిగాక నాలుగో మనిషికి రోజుకి 400 అదనం అన్నారు, ఇచ్చింది నేల మీద వేసుకునే పలచటి పరుపు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ నేల మీద ఎలా పడుకుంటుంది? ఆమె మంచం మీద, నేనూ చిన్నోడూ కింద. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే. బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలన్నీ ఇలాగే ఉంటాయని నేను అనను. గది చూడకుండా డబ్బు కట్టొద్దు, కౌంటర్లో అమ్మే ప్యాకేజీ ఏదీ కొనొద్దు అని మాత్రం గట్టిగా చెప్తాను.

బుధవారం పొద్దున మా అంతట మేమే ఆటో ఎక్కాం. 200 అడిగాడు మొదటి ఆటో అతను. రెండో అతను మీటరు వేశాడు, 60 అయింది. ఎనిమిదిన్నరకి గేటు తెరిచారు, మేం ముందు వరసలో ఉన్నాం. గేటు దగ్గర సంచులు తెరిచి చూస్తారు, ప్లాస్టిక్ కవర్లు లోపలికి పోనివ్వరు. కొందరు దీని మీద విసుక్కుంటున్నారు గానీ, లోపలికి వెళ్లాక దారిలో ఒక్క చిప్స్ కవరు కూడా కనబడకపోతే ఆ సోదా ఎంత అవసరమో అర్థమవుతుంది.

ఈ జూని 1892లో మహారాజా చామరాజేంద్ర ఒడయార్ పెట్టించాడు. అప్పట్లో దీన్ని ప్యాలెస్ జూ అనేవాళ్లు, 1909లో ఆయన పేరు పెట్టారు. మైసూరు వెళ్లినవాళ్లంతా ఫొటోలు దిగే ప్యాలెస్ ఉంది చూడండి, అది ఈ జూ కంటే చిన్నది వయసులో. పాత చెక్క ప్యాలెస్ 1897లో కాలిపోతే ఇప్పుడున్నది కట్టారు, 1912కి పూర్తయింది. జూ లోపలి తోటల అమరిక వెనక జి.హెచ్. క్రుంబీగల్ అనే జర్మన్ నిపుణుడి చెయ్యి ఉంది. బెంగళూరు లాల్‌బాగ్‌కు కూడా పనిచేసిన మనిషే. 1948లో జూ రాజుల చేతి నుంచి ప్రభుత్వానికి వచ్చింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, లోపల నడుస్తున్నంతసేపూ నెత్తి మీద ఎండ పడదు. నూరేళ్లు దాటిన తోటలో చెట్లు కలిసిపోయి దారంతా నీడ పరుస్తాయి. జంతువుల కంటే ముందు ఆ నీడకే మా అత్తమ్మ మనసు పోయింది. "ఎవరు నాటినారో గానీ పుణ్యాత్ములు" అనుకుంటూ నడిచింది.

హైదరాబాద్ జూ మాకు బాగా అలవాటు. అది 380 ఎకరాలు, సఫారీ ఉంది, పిల్లలకు చిన్న రైలుంది. కానీ ఒక జంతువు నుంచి ఇంకో జంతువు దగ్గరికి వెళ్లేసరికి ఎండాకాలంలో పిల్లలు సొమ్మసిల్లిపోతారు. మైసూరులో అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి, లోపల దారి ఒకే వైపు సాగుతుంది. బోర్డుల వెంట పోతే చాలు, తప్పిపోతామని టెన్షన్ లేదు, చూసిందే చూడటం ఉండదు. నా లెక్కలో చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి మైసూరు జూయే మేలు.

అయితే నడక తక్కువేం కాదు, మూడు కిలోమీటర్లు దాటుతుంది. ప్యాకేజీ కార్లవాళ్లు జూకి ఇచ్చే టైము గంట, మహా అయితే గంటన్నర. పక్కనే ఒక కుటుంబం అలాగే వచ్చింది, డ్రైవర్ ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే పిల్లల్ని చేతులు పట్టి లాక్కుపోతున్నారు. పులిని చూశారో లేదో కూడా వాళ్లకు తెలియదు. దీనికి కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి. మాకు ఒంటిగంట అయింది.

జిరాఫీల దగ్గరే మేం అరగంట నిలబడిపోయాం. ఎత్తుగా కట్టిన బుట్టలోంచి ఒకటి కొమ్మలు అందుకుంటోంది. నాలుక బయటికి వచ్చినప్పుడు చూడాలి, నేరేడుపళ్లు తిన్నట్టు ఊదారంగు, మూరెడు ఉంటుంది. కొమ్మ చుట్టూ దాన్ని మెలేసి ఆకులు మాత్రం దూసుకుంటుంది, పుల్ల అలాగే మిగిలిపోతుంది. చిన్నోడు ఆ పుల్లల్ని లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఇక్కడ జిరాఫీలు చక్కగా పిల్లలు పెడతాయి, ఇక్కడ పుట్టిన వాటిని వేరే జూలకు కూడా పంపిస్తుంటారు.

ఆఫ్రికా ఏనుగు ముందు మా ఆయన ఆగిపోయాడు. మన గుళ్ల దగ్గర చూసే ఏనుగు వేరు, ఇది వేరు. చెవులు భుజాల మీదికి వేలాడేంత పెద్దవి, నుదురు వాలుగా, నడుము మధ్యలో కాస్త కుంగి ఉంటుంది. పక్కపక్కనే రెండు రకాలూ చూపించి పిల్లలకు చెప్తే పుస్తకంలో పాఠం అక్కర్లేదు.

ఇక గొరిల్లా. ఇక్కడ పోలో అనే గొరిల్లా చాలా ఏళ్లు ఒంటరిగా బతికి 2014లో చనిపోయింది. 2021లో జర్మనీ నుంచి థాబో, డెంబా అనే రెండు మగవాటిని తెచ్చారు. మన తెలుగు రాష్ట్రాల జూల్లో గొరిల్లా లేదు కాబట్టి మైసూరు దాకా వెళ్లినందుకు దీన్ని తప్పక చూడాలి. మేం వెళ్లేసరికి ఒకటి మాకు వీపు పెట్టి కూర్చుంది. కాసేపటికి తిరిగి ఒక కాడ తీసుకుంది, పైతొక్క పళ్లతో ఒలిచి పక్కన పెట్టింది, లోపలి మెత్తటిదే తిన్నది. మళ్లీ ఇంకోటి. అంత పెద్ద చేతులతో అంత నిదానంగా చేసే ఆ పని చూస్తూ చిన్నోడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అంతలో కాలేజీ కుర్రాళ్ల గుంపొకటి వచ్చి గుండెలు బాదుకుంటూ అరుపులు మొదలుపెట్టింది. అది లేచి లోపలికి వెళ్లిపోయింది. గార్డు ఈల వేశాడు గానీ ఏం లాభం. టికెట్ కొన్నంత మాత్రాన ప్రాణుల మీద అరిచే హక్కు రాదు. జూవాళ్లు జరిమానాలు ఇంకా గట్టిగా వేయాలి, అవి వేస్తున్నట్టు అందరికీ కనబడాలి కూడా.

సగం దారిలో అత్తమ్మ మోకాళ్లు మొరాయించాయి. పెద్దవాళ్లకు, నడవలేనివాళ్లకు బ్యాటరీ బండి ఉంటుంది, టికెట్ వేరే. బండి పొద్దున్నే ఎక్కితే ఖాళీగా ఉంటుంది, పదకొండు దాటాక వరస పెరుగుతుంది. కానీ బండిలో చూసేది తక్కువ, ఆగినంతసేపే చూడాలి. ఆమె తిరిగొచ్చి "పులి తోక కనపడింది, అంతే" అన్నది. కాబట్టి పెద్దవాళ్లను మొదటి సగం నిదానంగా నడిపించి, అలసినప్పుడు ఎక్కిస్తే బాగుంటుంది. దారి పొడుగునా కూర్చోడానికి బెంచీలు బాగానే ఉన్నాయి.

టికెట్లు, బండి, లోపల తాగిన టీలు, రెండు వైపులా ఆటో కలిపినా ఆ రోజు జూ ఖర్చు వెయ్యి దాటలేదు. ప్యాకేజీకి పోసిన దాంట్లో మూడో వంతు కూడా కాదు.

తిండి సంగతి. జూ నుంచి నజర్‌బాద్ దగ్గరే. అక్కడ మైలారి పేరుతో దోసె హోటళ్లున్నాయి, జూకి వెళ్లే ముందే పొద్దున తినేసి వెళ్లండి. మన కర్నూలు కారం దోసె తినే నోటికి ఇది కొత్త. కరకరలాడదు, దూదిలా మెత్తగా నోట్లో కరిగిపోతుంది, పైన వెన్నముద్ద, లోపల సాగు అనే కూర, పక్కన కొబ్బరి చట్నీ. కారం తక్కువని మొదటి దోసెకి మూతి విరిచిన మా ఆయన మూడోది కూడా చెప్పాడు. హాలు ఇరుకు, కూర్చున్నవాళ్ల వెనకే నిలబడి ఖాళీ అయ్యేదాకా ఆగాలి. సర్వర్లు మర్యాదగా ఉన్నారు, చిన్నోడికి అడగకుండానే దోసె ముక్కలు చేసి పెట్టారు. ఆ లాడ్జి తర్వాత ఆ కాస్త మర్యాద మాకు ఎంతో అనిపించింది.

జూ పక్కనే కారంజి చెరువుంది, దానికీ మంగళవారమే సెలవు. పక్షుల మధ్య నడిచే పెద్ద పంజరం, సీతాకోకచిలుకల పార్కు, పడవలు ఉన్నాయి. మేం భోజనం చేసి సాయంత్రం వెళ్లాం, అదే సరైన వేళ. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లకు తిరిగొచ్చేది అప్పుడే. జూ చూసిన కాళ్లతో మధ్యాహ్నం రెండింటికి అక్కడికి వెళితే మాత్రం పిల్లలు ఏడుస్తారు.

రాయలసీమ నుంచి వెళ్లేవాళ్లకు కాచిగూడ నుంచి మైసూరు వెళ్లే ఎక్స్‌ప్రెస్ బాగా పనికొస్తుంది. కర్నూలు, అనంతపురం మీదుగా రాత్రంతా నడిచి పొద్దున దింపుతుంది. ప్యాలెస్ దీపాలు చూడాలనుంటే అవి ఆదివారం రాత్రి వెలుగుతాయి, కాబట్టి ఆదివారం దిగండి, జూ సోమవారం పెట్టుకోండి. దసరాకి వెళ్తే గది అద్దెలు రెట్టింపవుతాయి. ఆ రోజుల్లో జూ మంగళవారం కూడా తెరవడం ఉంది, కానీ లాడ్జివాళ్ల మాట నమ్మకుండా జూ వెబ్‌సైట్లో చూసుకుని కదలండి.