హాలే సంత గుడి: లైప్‌జిగ్ దాకా వచ్చినవాళ్ళు ఇంకో అరగంట రైలెక్కండి

జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉంటున్నందుకు ఇండియా నుంచి ఎవరొచ్చినా నాకు ఒకటే డ్యూటీ. సెయింట్ థామస్ చర్చికి తీసుకెళ్ళడం, సంగీతకారుడు బాఖ్ సమాధి చూపించడం, ఫొటో తీయడం. మొన్న ఫిబ్రవరిలో మా అమ్మ వచ్చినప్పుడు మాత్రం ఎస్-బాన్ (లోకల్ రైలు) ఎక్కించి పక్కనున్న హాలేకి తీసుకెళ్ళాను. అరగంట పైచిలుకు ప్రయాణం, అంతే. అక్కడి మార్క్ట్‌కిర్షె, అంటే అచ్చంగా సంత గుడి (మా గుంటూరు లూథరన్లు చర్చిని గుడి అనే అంటారు, నాకూ అదే అలవాటు), చూశాక థామస్ చర్చి ఇక రెండో రోజు సంగతి అనిపించింది.

ట్రామ్ దిగి సంత చౌకులోకి రాగానే ఐదు టవర్లు కనిపిస్తాయి. నాలుగు చర్చివి, ఐదోది పక్కన విడిగా ఉన్న ఎర్ర టవర్, అందులో 76 గంటలున్నాయి. ఒక చర్చికి నాలుగు టవర్లేంటి అని అందరికీ వచ్చే సందేహమే. అసలు అక్కడ ఎదురెదురుగా రెండు చర్చిలుండేవి. ఆల్బ్రెష్ట్ అనే కార్డినల్ 1529లో ఆ రెండింటి హాళ్ళూ పడగొట్టించి, టవర్లను మాత్రం అలాగే ఉంచి, మధ్యలో ఒకటే పెద్ద హాలు మొదలుపెట్టించాడు. ఈయన ఎవరో కాదు, పాప పరిహార పత్రాల (డబ్బు కడితే పాపాలకి శిక్ష తగ్గుతుందని చర్చి ఇచ్చే కాగితాల) అమ్మకంలో వాటా తీసుకున్న ఆర్చిబిషప్, ఆ అమ్మకాన్ని ఎదిరిస్తూ 1517లో మార్టిన్ లూథర్ (లూథరన్లకి ఆ పేరు ఈయన వల్లే) తన 95 వాదాలు పంపించింది ఈయనకే. లూథర్ గాలి ఊళ్ళోకి రాకుండా ఇంత పెద్ద చర్చి కట్టించబోతే, అది పూర్తికాకముందే 1541లో ఊరే లూథర్ వైపు తిరిగింది, కార్డినల్ మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాడు, 1554లో పని పూర్తయ్యేసరికి అది లూథరన్ గుడి. పిల్లనిచ్చిన మామ ఇల్లు కడితే అల్లుడు గృహప్రవేశం చేసినట్టుంది కదా. ఇంకా తమాషా ఏంటంటే బలిపీఠం మీద మరియమ్మ ముందు మోకాళ్ళ మీదున్న ఆ కార్డినల్ బొమ్మ ఇప్పటికీ అలాగే ఉంది, ఎవరూ చెరపలేదు.

గుమ్మం దగ్గరే మా అమ్మ ఆగిపోయి బూట్లు విప్పడం మొదలుపెట్టింది. బయట సున్నా డిగ్రీలు. "అమ్మా, ఇక్కడ విప్పక్కర్లేదు" అంటే "గుళ్ళోకి చెప్పులతో ఎలా వస్తానురా" అని ఒక బూటు తీసేసింది కూడా. లోపల కూర్చున్న పెద్దావిడ చూసి నవ్వి, నేల వైపు చూపించి, చేతులు రుద్దుకుని చలి అని సైగ చేసింది. అమ్మ ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో కాసేపు ఆలోచించి, చివరికి దేవుడికి సారీ చెప్పి తొడుక్కుంది.

లోపల మొదట కళ్ళు పైకే పోతాయి. సన్నటి స్తంభాలు, వాటి మీద వలలా అల్లుకున్న కప్పు, రెండు వైపులా రాతి గ్యాలరీలు, వాటి మీద చెక్కిన బైబిల్ వాక్యాలు. బలిపీఠానికి పైన ఒక చిన్న ఆర్గన్ (గాలి గొట్టాలతో మోగే వాయిద్యం) ఉంటుంది, చూడకుండా వెళ్ళిపోకండి. అది 1664 నాటిది, సంగీతకారుడు హాండెల్ చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నది ఈ చర్చి ఆర్గనిస్టు త్సాహోవ్ దగ్గరే. 1685లో హాండెల్‌కి బాప్తిస్మం ఇచ్చిన కంచు తొట్టి కూడా ఇక్కడే ఉంది. క్రిస్మస్‌కి మన కొయిర్‌లో పాడే హల్లెలూయా కోరస్ కట్టినాయన అని చెప్పగానే అమ్మ తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినంత పని చేసింది.

వెనక గోడ మీద పెద్ద ఆర్గన్. బయటి చెక్క పనితనం 1716 నాటిది, లోపలి వాయిద్యం మాత్రం 1984లో కొత్తగా పెట్టింది. 1716లో దాన్ని పరీక్షించడానికి పిలిచినవాళ్ళలో బాఖ్ ఒకడు. అంతకుముందు ఆయనకి ఇక్కడ ఉద్యోగం ఇస్తామంటే వద్దన్నాడు, అయినా పరీక్షకి వచ్చాడు. పని అయ్యాక పెట్టిన విందు జాబితా ఇప్పటికీ మిగిలుంది, అందులో వేయించిన గొర్రె మాంసం, దూడ మాంసం, చేప, పాలకూర, ఆస్పరాగస్ సలాడ్, చివర్లో చక్కెర పాకంలో వేసిన నిమ్మతొక్క దాకా ఉన్నాయి. మన పెళ్ళిళ్ళలో క్యాటరింగ్ వాడి మెనూ కార్డు మూడొందల ఏళ్ళు దాచినట్టు.

ఇక అసలు సంగతి. ఒక పక్క చిన్న గదిలో లూథర్ ముఖానికీ చేతులకీ తీసిన మైనపు అచ్చులున్నాయి. 1546 ఫిబ్రవరి 18న ఆయన ఐస్లేబెన్‌లో చనిపోతే, శవాన్ని విట్టెన్‌బెర్గ్ తీసుకెళ్తూ దారిలో ఒక రాత్రి ఈ గుళ్ళోనే ఉంచారు. తర్వాత 17వ శతాబ్దంలో ఈ అచ్చులకి ఒంటిని జతచేసి, బట్టలేసి, నిలువెత్తు బొమ్మగా కుర్చీలో కూర్చోబెట్టారట, అప్పుడు ముఖాన్ని కూడా కొంత సవరించారు. ఇప్పుడు ముఖం, చేతులు మాత్రమే. నేను ముఖం కంటే చేతులే ఎక్కువసేపు చూశాను, లావుపాటి వేళ్ళు, కాస్త ముడుచుకుని, కలం పట్టుకున్నవాడివి కాదు, నాగలి పట్టుకున్నవాడివి అనిపించేలా. అమ్మ కాసేపు చూసి "పాపం, నిద్ర చాలనట్టుంది" అంది. ఫొటోల్లో చూసి భయంకరంగా ఉంటుందేమో అనుకున్నాను, లేదు. కానీ చిన్నపిల్లలతో వెళ్తే ముందే చెప్పి తీసుకెళ్ళండి.

మా గుంటూరుకి లూథరన్ మిషన్ అమెరికా నుంచి 1842లో వచ్చింది, కాబట్టి హాలేతో మాకు నేరుగా సంబంధం లేదనే అనుకునేదాన్ని అంది అమ్మ. అప్పుడు చెప్పాను, చౌకు నుంచి పది నిమిషాలు నడిస్తే ఫ్రాంకె సంస్థల ఆవరణ (ఇండియాకి మిషనరీలను పంపిన పాత అనాథాశ్రమం, బడులు) వస్తుంది, మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తిరిగొచ్చాక, 1746-47లో తెలుగు పుస్తకాలు అచ్చయింది ఈ ఊళ్ళోనే అని. అచ్చులో వచ్చిన తొలి తెలుగు పుస్తకాలు అవేనని మన ముద్రణ చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. అమ్మ బూట్ల సంగతి, చలి సంగతి మర్చిపోయి "పద, అక్కడికీ పోదాం" అని ముందు నడిచింది.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది, చూడ్డానికే అయితే వేరే రోజు పెట్టుకోండి. వేళలు ముందే చూసుకోండి, చలికాలం అయితే స్వెటర్ మీద కోటు తీయకండి, రాతి కట్టడం. చిల్లర యూరోలు జేబులో ఉంచుకోండి. వంతెనతో కలిపిన రెండు టవర్లు ఎక్కాలంటే గైడుతోనే, ఒకప్పుడు అక్కడ పైన కావలివాడు కాపురం ఉండేవాడు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో నేను ఆ ఆలోచనే పెట్టుకోలేదు. లోపలికి గంటన్నర చాలు, ఆర్గన్ వాయిస్తూంటే ఇంకో అరగంట కలుపుకోండి.

నా లెక్కలో ఐదుకి ఐదు. తిరుగు ప్రయాణంలో మా గుడి అయ్యగారికి ఇవ్వాలని అమ్మ హాలే చాక్లెట్ ఉండలు రెండు డబ్బాలు కొంది. ఒకటి రైల్లోనే అయిపోయింది.