డర్హమ్ బిషప్పులు, మా అత్తయ్య, 43 మెట్లు

పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఇంగ్లండ్‌లోని డర్హమ్ వెళ్లేవాళ్లు ముందు బస సంగతి తేల్చుకోండి. మేము తేల్చుకున్నామనుకుని మోసపోయాం.

మా అత్తయ్యది డోర్నకల్. అక్కడి గుడిలోనే బాప్తిస్మం, అక్కడే పెళ్లి. 68 ఏళ్ల వయసులో మూడు నెలలు మా దగ్గర లీడ్స్‌లో ఉండటానికి వచ్చారు. లండన్ చూపిస్తామంటే, "బిషప్పులు రాజ్యం చేసిన ఊరు ఒకటి ఉందట కదా బాబు, అది చూపించండి" అన్నారు. డర్హమ్‌కు లీడ్స్ నుంచి రైల్లో గంట ప్రయాణం. ముగ్గురికి రానుపోను 78.60 పౌండ్లు.

ఆమెకు రెండు మోకాళ్లూ నొప్పులే. అందుకే "గ్రౌండ్ ఫ్లోర్, మెట్లు లేవు" అని రాసి ఉన్న గెస్ట్‌హౌస్ వెతికి, రాత్రికి 118 చొప్పున రెండు రాత్రులకు 236 పౌండ్లు ముందే కట్టాను. తీరా వెళ్తే మూడో అంతస్తులో, పైకప్పు కింద గది ఇచ్చారు. ఇరుకు చెక్కమెట్లు, లెక్కపెడితే 43. స్క్రీన్‌షాట్ చూపిస్తే యజమాని దానివైపు చూడనైనా చూడలేదు. "ఖాళీని బట్టి ఇస్తాం, డబ్బు వెనక్కి రాదు" అన్నాడు. అత్తయ్య ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, గోడ పట్టుకుని ఎక్కారు. పైకి చేరాక మంచం మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ "పర్లేదులే బాబు" అన్నారు. ఆ మాటకు నాకు కడుపు రగిలిపోయింది. వేన్నీళ్లు కూడా రాత్రి తొమ్మిదింటికే బంద్. మా ఆవిడ ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు. ఫోన్ చేసి గది సంగతి ఖాయం చేసుకోమని ముందే చెప్పింది, నేనే వినలేదు.

పొద్దున్నే సామాను సర్దేసుకుని, మెట్లు లేని మరో చోట 84 పౌండ్లకు గది తీసుకున్నాం. రెండో రాత్రి డబ్బు కోసం బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే ఆరు వారాలకు 118 పౌండ్లు వెనక్కి వచ్చాయి, స్క్రీన్‌షాట్ ఉండబట్టే. మొదటి రాత్రి డబ్బు పోయినట్టే. సెలవుల్లో డర్హమ్ యూనివర్సిటీ కాలేజీలు విద్యార్థుల గదులను అద్దెకిస్తాయి. మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను.

ఇక కెతడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే పెద్ద గుడి. వేర్ నది మూడు వైపులా చుట్టి వచ్చే కొండ మీద ఉంటుంది. కొత్త బస నుంచి టాక్సీకి 7.50 పౌండ్లు. నడిచి ఎక్కొచ్చు కానీ దారి నిటారు, కింద రాళ్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నేనైతే వద్దంటాను. లోపలికి టికెట్ లేదు, తోచినంత విరాళం వేయొచ్చు. మేము 20 పౌండ్లు వేశాం, ఆ పూట మాకు దొరికినదానికి అది తక్కువే.

ఎందుకంటే లోపల ఒక పెద్దావిడ, స్వచ్ఛందంగా పనిచేసే గైడ్, అత్తయ్య నడక చూసి తనే కుర్చీ తెచ్చి వేసింది. మేము అడక్కుండానే గంటన్నర మాతో తిరిగింది, అత్తయ్య కూర్చున్న చోటల్లా తనూ ఆగి చెప్పింది. నేను పక్కన తెలుగులో చెబుతూ పోయాను.

ఈ ఊరి కథంతా ఒక బిషప్ శరీరంతో మొదలైంది. లిండిస్‌ఫార్న్ దీవి బిషప్ కత్‌బర్ట్ 687లో చనిపోయాడు. సముద్రం మీదుగా వచ్చి దోచుకునే వైకింగుల భయంతో 875లో సన్యాసులు ఆయన పేటికను మోసుకుని బయల్దేరి, ఎక్కడెక్కడో తలదాచుకుని 995లో ఈ కొండకు చేరారు. ఆయన సమాధి మీద పెద్ద అలంకారమేమీ లేదు, లాటిన్‌లో ఒక్క పేరు చెక్కిన రాతిపలక. అత్తయ్య అక్కడ చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నారు.

బిషప్ చేతికి రాజ్యం ఎలా వచ్చిందని అడిగాను. గైడ్ చెప్పింది: ఈ ఊరు స్కాట్లండ్ సరిహద్దు దగ్గర, రాజేమో దూరాన లండన్‌లో. ఇక్కడ ఏ ప్రభువును పెట్టినా అతని కొడుకులు తరతరాలుగా పాతుకుపోతారు. బిషప్‌కు ఆ వారసత్వం ఉండదు. ఆయన పోతే రాజుకు మళ్లీ తనకు కావలసినవాణ్ణి పెట్టుకునే వీలు. నాకిది భలే నచ్చింది. అలా డర్హమ్ బిషప్‌కు సొంత కోర్టులు, సొంత సైన్యం, సొంత నాణేలు వచ్చాయి. ఇంగ్లండ్‌లో రాజులు ఇద్దరు, ఒకరికి కిరీటం, మరొకరికి బిషప్ టోపీ అని ఇక్కడి బిషప్ ఆంటొనీ బెక్ దగ్గర పనిచేసిన అధికారి ఒకడు అన్నాడట. 1675 దాకా ఈ కౌంటీ నుంచి పార్లమెంటుకు సభ్యుడే లేడు.

ఆ పదవి సుఖమైనదేమీ కాదు. బిషప్‌గానూ ఎర్ల్‌గానూ (రాజు కింది ప్రభువు) అధికారం చేసిన వాల్చర్‌ను 1080లో గేట్స్‌హెడ్‌లో జనం చంపేశారు. లండన్ టవర్‌లో మొదటి ఖైదీగా చెప్పుకునే రానల్ఫ్ ఫ్లాంబార్డ్ 1101లో తాడు పట్టుకుని దిగి పారిపోయాడు, తర్వాత మళ్లీ ఈ బిషప్ పీఠం మీదే కూర్చున్నాడు. ఈ కెతడ్రల్ కట్టడం 1093లో బిషప్ విలియమ్ ఆఫ్ సెయింట్ కాలే మొదలుపెడితే 1133కు దాదాపు పూర్తయింది. మధ్యలో చాలా ఏళ్లు పని సాగింది ఈ ఫ్లాంబార్డ్ కాలంలోనే.

బిషప్ థామస్ హాట్‌ఫీల్డ్ (పదవిలో 1345-81) సింహాసనం దగ్గర మా ముగ్గురి నోటా మాట రాలేదు. మెట్లెక్కి పైన కూర్చునే పీఠం, దాని కింద ఆయన సమాధి. తన గోరీ మీద తానే సింహాసనం కట్టించుకున్నాడు. పోప్ పీఠం కంటే ఎత్తుగా ఉండాలని కట్టించాడని చెబుతారు. అత్తయ్య తల పైకెత్తి చూసి, "మా అజరయ్య గారు బండెక్కి పల్లెలు తిరిగారు నాయనా, ఇంత ఎత్తున కూర్చుంటే జనం ఎలా కనబడతారు?" అన్నారు. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన పేరు చెప్పగానే గైడ్ ముఖం వెలిగింది. ఆమెకు తెలుసు.

పడమటి వైపు నేలలో ఒక నల్లరాతి గీత ఉంది. సన్యాసుల కాలంలో ఆడవాళ్లు ఆ గీత దాటి లోపలికి రాకూడదు. అత్తయ్య చెప్పులు విడిచి, దాని మీద ఒక పాదం పెట్టి నిలబడ్డారు. మా ఆవిడ ఆమె చేయి పట్టుకుంది. గీత దాటి ఇద్దరూ మళ్లీ లోపలికి నడిచారు. నాతో కూడా అప్పుడే మాట్లాడింది.

పక్కనే ఉన్న కోట 1837 నుంచి యూనివర్సిటీది. చివరి రాజబిషప్ వాన్ మిల్డర్ట్ కాలంలో, 1832లో ఆ యూనివర్సిటీ మొదలైంది. ఆయన 1836లో పోగానే రాజ్యాధికారం తిరిగి రాజుకు వెళ్లింది. కోటను గైడెడ్ టూర్‌లోనే చూడాలి, మెట్లు ఎక్కువ. అత్తయ్యను బయట బెంచీ మీద మా ఆవిడతో ఉంచి నేనొక్కణ్ణే చూసొచ్చాను. బిషప్ కోసిన్ కట్టించిన నల్ల మెట్లవరుస, నార్మన్ల కాలపు చిన్న ప్రార్థనా గది బాగున్నాయి. అయినా టైమ్ తక్కువుంటే కోట వదిలేయండి, సాయంత్రం కెతడ్రల్‌లో కోయిర్ పాడే ప్రార్థన మాత్రం వదలకండి. దానికీ టికెట్ లేదు.

మర్నాడు బస్సులో బిషప్ ఆక్లండ్ వెళ్లాం, 2012 దాకా బిషప్పుల నివాసంగా ఉన్న ఆక్లండ్ కోట అక్కడిదే. భోజనశాలలో స్పెయిన్ చిత్రకారుడు సుర్బరాన్ గీసిన యాకోబు, ఆయన కొడుకుల నిలువెత్తు చిత్రాలున్నాయి. 1756లో బిషప్ ట్రెవర్ 13లో 12 కొన్నాడు. బెన్యామీను చిత్రం వేలంలో వేరొకరికి పోతే నకలు గీయించి పెట్టాడు. అత్తయ్య ఒక్కొక్కరి పేరూ బోర్డు చూడకుండానే వరసగా చెప్పేశారు.

ఆ కోటలోనే 1892లో బిషప్ వెస్ట్‌కాట్ బొగ్గు గని యజమానులనూ కార్మికులనూ పిలిపించి, నెలల తరబడి మూతపడ్డ గనులు తెరిపించేలా రాజీ కుదిర్చాడు. ఆయన కొడుకు ఫాస్ వెస్ట్‌కాట్ 1919 నుంచి కలకత్తా బిషప్, మిగతా బిషప్పులకు పెద్ద అయిన మెట్రోపాలిటన్. అంటే పాతికేళ్లకు పైగా అజరయ్య గారికి పైవాడు ఈ ఇంటి బిడ్డే. తండ్రి వెస్ట్‌కాట్‌ను ఖననం చేసింది ఇక్కడి చాపెల్‌లోనే. ఈ సంగతి చెప్పగానే అత్తయ్య కుర్చీ లోంచి లేచారు. మొన్నటి మెట్ల నొప్పి ఇంకా తగ్గలేదు, అయినా చాపెల్ దాకా కర్ర కూడా తీసుకోకుండా నడిచారు. అక్కడి నుంచే డోర్నకల్‌లో ఉన్న తమ్ముడికి వీడియో కాల్ చేసి ఫోన్‌ను చాపెల్ అంతా తిప్పుతూ చూపించారు. మా బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు దాకా అక్కడే కూర్చున్నాం.